చార్జి తీసుకున్నవారు

మూడు వారాల కిందట ఒక గురువారం, ద్వారకా నగర్‌లో చెవి మిషన్లు అమ్మే షాపులో, బీరువాకంటే కాస్త పెద్దదైన అద్దాల గదిలో మా బావ కూర్చున్నాడు. తల మీద పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. శబ్దం వినిపించిన ప్రతిసారీ బటన్ నొక్కాలని పరీక్ష చేసే అమ్మాయి రెండుసార్లు చెప్పింది, ఒకసారి నోటితో, ఒకసారి చేతులతో. నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను. బావ కళ్లు మూసుకున్నాడు. చెప్పులో కుడికాలి బొటనవేలు ఆడుతోంది. ఒకసారి నొక్కాడు. వెంటనే మరోసారి నొక్కాడు. ఒక్క క్షణం వదిలి మళ్లీ రెండుసార్లు. ముఖంలో గొప్ప నమ్మకం. అమ్మాయి తన యంత్రం వంక చూసుకుంది, బావ వంక చూసింది, తలుపు కొంచెం తెరిచి, హెడ్‌ఫోను ఒక పక్క పైకెత్తి, మర్యాదగానే చెప్పింది: "సర్, నేనింకా సౌండ్ ఇవ్వలేదండి."

బావ కళ్లు తెరిచి ఆ అమ్మాయిని చూడలేదు, నన్ను చూశాడు. అరవయ్యేళ్లు దాటిన మనిషి, పరీక్షలో పక్కవాడి కాగితం చూస్తూ దొరికిపోయినట్టు చూశాడు. నేను ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆ చూపు నాకు బాగా తెలుసు. నా కోపం అక్కడ మొదలైంది. ఇది రాస్తున్న ఈ పూట కూడా పూర్తిగా చల్లారలేదు, కాబట్టి ఎక్కడైనా నా మాట పెళుసుగా తగిలితే చదివేవాళ్లు నన్ను తిట్టుకోండి, మా బావని తిట్టుకోండి, మీ ఇష్టం.

బావ అంటే మా అక్క మొగుడు. మా రెండు కుటుంబాలూ సముద్రం మీద బతికినవే. వాళ్ల నాన్న వేటకి వెళ్లని రోజుల్లో, హార్బరు బయట లంగరేసిన ఓడలకి కూరగాయలూ నీళ్లూ మోసే లాంచీ మీద పని చేసేవాడు. ఓడల్లోని నావికులకి మన ఎండు రొయ్యలంటే ప్రాణం. రొయ్యలు తీసుకుని సబ్బులో, సిగరెట్లో, ఒక్కోసారి క్యాసెట్లో ఇచ్చేవారు. సబ్బులు ఇంట్లోకి వెళ్లేవి, సిగరెట్లు వాళ్ల తాత జేబులోకి, క్యాసెట్లు ఎవరికీ పనికిరాక మా బావ చేతికి వచ్చేవి. అలా జాలారిపేట ఇసుకలో కూర్చుని, తెగిన టేపుని గోళ్ల రంగుతో అతికించుకుని, ఒక్క ముక్క ఇంగ్లీషు రాని కుర్రాడు ఏ దేశపువాళ్లో వాయించిన జాజ్ విన్నాడు. తర్వాత హిప్ హాప్ వచ్చింది. ఆ తర్వాత గిటార్ని రంపంలా కోసే రకం రాక్ వచ్చింది. పెళ్లినాటికి మా బావ దగ్గర రెండు జతల బట్టలూ ఒక ట్రంకు పెట్టెడు క్యాసెట్లూ ఉన్నాయి. మా అమ్మ ఆ పెట్టె చూసి, పిల్లవాడికి సామానుందని సంతోషించింది.

అప్పటికే బావ గాజువాక అవతల ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో చేరాడు. ఉక్కునగరంలో చెట్ల నీడన క్వార్టర్లున్న పెద్ద ప్లాంటు వేరు, దాని పక్కన ఊపిరి బిగబట్టి బతికే ఇలాంటి చిన్న మిల్లులు వేరు. ఎర్రగా కాలిన ఇనప కడ్డీ ఒక రోలరు జత నుంచి ఇంకో జతలోకి పరుగెడుతూ సన్నబడుతుంది. ఎక్కడైనా దారి తప్పితే పాములా పైకి లేచి చుట్టలు చుట్టుకుంటుంది. దాన్ని కాబుల్ అంటారు. దాని దారిలో మనిషి ఉంటే ఇక చెప్పేదేం లేదు. మా బావ ప్రతిభ ఏమిటంటే, కాబుల్ రాబోతోందని ఒక క్షణం ముందు చెవితో పట్టేవాడు. రోలరు గొంతు మారగానే చెయ్యెత్తేవాడు, పైన గదిలో ఉన్నవాడు మిల్లు ఆపేవాడు. ఆ చెయ్యి లేచిందంటే మేనేజరు కూడా ఎందుకని అడిగేవాడు కాడు. అందుకే కంపెనీ ఇచ్చిన ఇయర్‌ప్లగ్గులు బావ ఒక్కనాడూ మిల్లులో పెట్టుకోలేదు. "సెవులు మూసుకుంటే మిల్లు మాట ఎవుడింటాడు?" అనేవాడు. ఆ ప్లగ్గుల్ని ఇంటికి తెచ్చి దాచి, పెళ్లిళ్లకి జేబులో వేసుకొచ్చేవాడు. ఫంక్షన్ హాల్లో డీజే మొదలవగానే తీసి రెండు చెవుల్లో దోపుకుని హాయిగా భోంచేసేవాడు. మేమందరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఎవడో ఒకడు లేచి ఆయన చెంప మీద కొట్టి ఉండాల్సిందనిపిస్తుంది. ఆ ఒకడు నేనే అయి ఉండాలి.

ఇక వినడం గురించి. బావకి ఒక నియమం ఉండేది. మూడు షిఫ్టుల్లోనూ వినందే ఏ ఆల్బమ్ మీదా తీర్పు ఇవ్వకూడదు. పొద్దుటి డ్యూటీ వారంలో మధ్యాహ్నం అన్నం తిన్నాక వినాలి. రెండో డ్యూటీ వారంలో పనికి బయల్దేరే ముందు వినాలి. రాత్రి డ్యూటీ వారంలో తెల్లవారి ఇంటికొచ్చి, బట్టలు మార్చకుండా, టీ గ్లాసు పట్టుకుని వినాలి. "అలిసిపోయిన ఒళ్లు ఒకలాగింటది, కడుపు నిండిన ఒళ్లు ఒకలాగింటది, పనికెల్లాలనే ఒళ్లు ఇంకోలాగింటది. మూడిట్లోనూ నిలబడితేనే అది సరుకు బావా," అని నాతో అనేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కో ఆల్బమ్‌కి మూడు వారాలు. మధ్యలో నేను బాగుందనో బాలేదనో నోరు జారితే, "ఇంకా రెండు షిఫ్టులుంది, ముయ్," అనేవాడు.

మూడో వారం చివర్న తీర్పు రాసేవాడు. మిల్లులో పక్కన పడేసిన లాగ్ బుక్కుల్లో రాసేవాడు. పొడుగాటి అట్ట పుస్తకం, ముందే అచ్చేసిన గళ్లు: తేదీ, షిఫ్టు, పని పరిస్థితి, చార్జి ఇచ్చినవారు, చార్జి తీసుకున్నవారు. పని పరిస్థితి అన్న గడిలో ఆల్బమ్ గురించి రాసి, చార్జి ఇచ్చినవారి దగ్గర తన సంతకం పెట్టేవాడు. ఆఖరి గడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది. వాయించినవాళ్ల పేర్లు ఆయనకి నోరు తిరిగేవి కావు కాబట్టి అట్ట మీది బొమ్మే పేరు. ముసలమ్మ అట్ట, కుక్క అట్ట, కాలిన కుర్చీ అట్ట. నాకూ అదే అలవాటైపోయి, ఈ రోజుకీ సగం ఆల్బమ్‌ల అసలు పేర్లు నాకు తెలీవు, తెలిసినవి కూడా ఇక్కడ చెప్పను.

ముసలమ్మ అట్ట హిప్ హాప్. దాని గురించి ఇలా రాశాడు: "మాట అర్థం కాలేదు. ఊపిరి అర్థమయింది. నాలుగో దెబ్బకి తియ్యాల్సిన ఊపిరి ఆరో దెబ్బదాకా ఆపుతున్నాడు. నిజంగా కోపమున్నవాడే ఆపగలడు. పాస్." అదే నెలలో ఊరూరా మోగిన ఇంకో పెద్ద పేరున్న హిప్ హాప్ ఆల్బమ్‌కి ఒక్క ముక్కే రాశాడు: "కోపం అద్దెకి తెచ్చుకున్నాడు." కాలిన కుర్చీ అట్టవాళ్లు ఇనప రేకులు కొడుతూ, గొలుసులు ఈడుస్తూ ప్రయోగాలు చేసే రాక్ బృందం. గొప్ప విప్లవమని నేను ఎక్కడో చదివి ఊగిపోతూ తెచ్చాను. బావ మూడు వారాలు ఓపిగ్గా విని, "చల్లారిన ఇనుముని కొట్టి భయపెడుతున్నారు. వేడి ఇనుము ఇంత అరవదు. చివరి పాటలో అందరూ అలిసిపోయాక బాగా వాయించారు, అది మాత్రం ఉంచాలి," అని రాశాడు. కుక్క అట్ట జాజ్ మీద రాసింది నాకు కంఠతా వచ్చు: "బాకా ఊదేవాడు తప్పు ఊదాడు. పియానో అతను ఆ తప్పునే పట్టుకుని దారి చేసి ఇచ్చాడు. షిఫ్టు అంటే ఇలా ఉండాలి." ఇంతకన్నా మంచి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

అసలు ఇప్పుడు జనం వినడం చూస్తే ఒళ్లు మండుతుంది. ఫోన్లో పాట ఇరవై సెకన్లు వినడం, బొటనవేలితో తోసెయ్యడం, అయిదు చుక్కల్లో మూడు ఇవ్వడం. మా కోచింగ్ సెంటర్ స్టాఫ్ రూములో ఒక కుర్ర మేస్టారు, పేపర్లు దిద్దుకునేటప్పుడు జాజ్ పెట్టుకుంటే ఏకాగ్రత కుదురుతుందని చెప్పాడు. వాయించేవాళ్లు ప్రాణాలు పెట్టి వాయించింది నీ పేపర్లు దిద్దుకోవడానికా నాయనా అని అడిగాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఆ మధ్య సిరిపురం దగ్గర ఒక కాఫీ షాపులో కుక్క అట్ట ఆల్బమే మోగుతోంది, దాని మీద మిక్సీ తిరుగుతోంది, ఒక్కడంటే ఒక్కడు తలెత్తడు. మిక్సీ ఆపమని అడిగి పోట్లాట పెట్టుకుని, కాఫీ తాగకుండా వచ్చేశాను. నేనే గొప్ప శ్రోతనని, మా బావ తర్వాత విశాఖపట్నంలో నేనేనని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకం ఏ గంగలో కలిసిందో చివర్న చెబుతాను.

ఐదారేళ్ల కిందట బావ తీర్పులు మారడం మొదలైంది. లావుపాటి బేస్ ఉన్న హిప్ హాప్‌కి పాసుల మీద పాసులు. జాజ్ మీద చిరాకు. వయొలిన్ గానీ ఫ్లూటు గానీ ఉంటే "నీళ్ల సాంబారు" అని ఒక్క మాటతో కొట్టేసేవాడు. స్పీకర్ సౌండు పెంచుతూ పోయాడు, పక్కింటివాళ్లు వచ్చి గొడవ పెట్టారు. వయసు మీద పడి మొండితనం వచ్చిందనుకున్నాను నేను. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను చెప్పేది ఫిజిక్సు. ఏటా ఒకసారి శబ్ద తరంగాల పాఠం చెబుతాను, మనిషి చెవి ఎంత సన్నటి శబ్దం నుంచి ఎంత లావు శబ్దం దాకా వినగలదో బోర్డు మీద గీత గీసి మరీ చూపిస్తాను. ఆ గీత గీసిన చేత్తోనే ఆదివారం బావ ఇంటికి వెళ్లి కోనెం చేపల పులుసు కలుపుకుని తిని, ఈయనకేంటీ మధ్య రుచి చెడిందని అక్కతో అన్నాను.

మూడేళ్ల కిందట గొడుగు అట్ట తెచ్చాను. పియానో, మనిషెత్తు బేస్ వాద్యం, డ్రమ్స్, ముగ్గురే. డ్రమ్స్ ఆయన కర్రలు ముట్టుకోడు. తీగల కుంచెతో డ్రమ్ము తోలు మీద రాస్తాడు, పైన పల్చటి ఇత్తడి తాళాన్ని తాకీ తాకనట్టు తాకుతాడు. గోనె మీద బియ్యం జారినట్టుంటుంది. అది విన్న రోజు నేను క్లాసుకి ఆలస్యంగా వెళ్లాను. బావ నియమం ప్రకారం మూడు వారాలు విన్నాడు. నాలుగో ఆదివారం లాగ్ బుక్కు నా ముందు పెట్టాడు: "డ్రమ్స్ అతను డ్యూటీకి రాలేదు. ఇద్దరి చేత ముగ్గురి పని చేయించారు. ఫెయిల్."

నాకు ఒళ్లు తెలీలేదు. ఆల్బమ్ అంతా ఆ డ్రమ్మరుదే కదా అన్నాను. "ఏడీ? నాకు సూపించు," అన్నాడు. పాట పెట్టి ఇదిగో, ఇక్కడ, ఇదిగో అని వేలెత్తి చూపించాను. ఆయన నా వేలి వంక చూసి, స్పీకర్ వంక చూసి, "ఏటీ నేదు. నువ్వెక్కడో సదివీసొచ్చి నాకు సెప్తన్నావ్," అన్నాడు. నా చదువుని అన్నాడు కదా, అది గుచ్చుకుంది. అక్క చూస్తుండగా, కలుపుకున్న అన్నం ముందు నుంచి లేచి, "నీ చెవుల్లో తుప్పు పట్టింది బావా. ఇంక ఎవరి పాట మీదా తీర్పు రాయకు," అన్నాను. బావ లాగ్ బుక్కు మూసి, గుడ్డ కట్టి, బీరువా మీద పెట్టేశాడు. పెళ్లిళ్లకీ చావులకీ కలుస్తూనే ఉన్నాం, మందులూ ఎండలూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. పాట మాత్రం మా మధ్యకి రాలేదు. నిరుడు ఆయన రిటైరయ్యాడు.

ఈ మధ్య అక్క ఫోన్ చేసింది. తను బజారుకి వెళ్తూ పొయ్యి మీద కుక్కర్ పెట్టి, మూడు కూతలకి కట్టెయ్యమని చెప్పిందట. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. బావ కుక్కర్‌కి నాలుగడుగుల దూరంలో పేపర్ చదువుకుంటున్నాడు. "నాను సెబితే ఇనడు. నువ్వు తీసుకెల్లు తమ్ముడూ, నీ మాటింటాడు," అంది. మూడేళ్లుగా నా మాటతోనే నోరు మూసుకున్న మనిషి నా మాట వింటాడని మా అక్క నమ్మకం. తీసుకెళ్లాను. తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

ఆ అమ్మాయి మళ్లీ మొదట్నుంచి, ఈసారి శబ్దాల మధ్య దూరం ఇష్టమొచ్చినట్టు మారుస్తూ పరీక్ష చేసి, కాగితం నా చేతిలో పెట్టింది. నాకు ఎవరూ వివరించక్కర్లేదు. ఎడమ నుంచి గీత చక్కగానే వచ్చింది, లావు శబ్దాలన్నీ పదిలంగా ఉన్నాయి. సగం దాటాక గీత అంచు మీంచి కాలు జారినట్టు కిందికి పడిపోయింది. ఆ పడిపోయిన చోటే కుక్కర్ కూత ఉంది. ఫ్లూటు ఉంది. గొడుగు అట్ట డ్రమ్మరు తన కుంచె పట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆటోలో కూర్చోగానే మొదలెట్టాను. మా బావతో ఇప్పుడు రహస్యం మాట్లాడే వీలు లేదు, అరవాల్సిందే, కాబట్టి మా ఇంటి కథంతా ఆటో డ్రైవరు కూడా విన్నాడు. మిల్లులో ఏడాదికోసారి చెవుల పరీక్ష చేసేవారు కదా, ఎలా పాసయ్యావని అడిగాను. బావ నిజం చెప్పాడు. సిగ్గుతో చెప్పాడనుకుంటే పొరపాటు. "ఆడిదొక తాళం బావా. రెండు కొడతాడు, ఒకటి ఒదిలేత్తాడు. ఏడాదేడాదీ అదే. ఇనపడాలేటి? లెక్క ఒంట్లో ఉంటే సాలు. నువ్వే అన్నావు కదా, జాజ్‌లో కొట్టని దెబ్బ కూడా ఇనాలని!" అన్నాడు. అవును, అన్నాను. నేనే అన్నాను, ఏదో పుస్తకంలో చదివి. ఎందుకు చేశావని అరిచాను. "సెవి పోనాదంటే గేటు కాడ కుర్సీ ఏసి కూసోబెడతారు. ముప్పయ్యేళ్లు నా సెయ్యి లేత్తే మిల్లు ఆగింది. గేటు కాడ నా సెయ్యి ఎవడికి కావాల?" అన్నాడు.

అక్కడితో ఆగితే నేనూ ఆగేవాణ్ణేమో. ఎన్‌ఏడీ జంక్షన్లో ట్రాఫిక్ ఆగినప్పుడు, ఇటు తిరక్కుండానే ఇంకో మాట చెప్పాడు. రిటైరయ్యే ముందు ఒక రోజు కడ్డీ లేచిందట. బావకి తెలీలేదు. పక్కనున్న ఫిట్టరు బావ కాలర్ పట్టుకుని వెనక్కి లాగితే, ఆయన నిలబడ్డ చోట ఎర్రటి ఇనుము చుట్టలు పడింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మాట విని నేనేం తిట్టానో ఇక్కడ రాయలేను. మా అక్క తాళి సంగతి ఎత్తాను, ఆయన పొగరు సంగతి ఎత్తాను, ఆయన పని చేసిన చోట పక్కన నిలబడ్డవాళ్లకీ పెళ్లాం బిడ్డలున్నారని, ఆ చెయ్యి లేస్తుందని నమ్మి నిలబడ్డారని ఎత్తాను. బావ అన్నీ విన్నాడు, లేదా విననే లేదు. కూర్మన్నపాలెంలో దిగాక డ్రైవరు నన్ను పక్కకి పిలిచి, "పెద్దాయన్ని అలా తిట్టీకండి సార్," అన్నాడు.

ఇంట్లో ఇంకో దెబ్బ నా కోసం కాచుకుని ఉంది. కాగితం అక్క ముందు విప్పి, ఆయన మనల్నందర్నీ మోసం చేశాడని మొదలెట్టాను. అక్క చేపలు తోముతోంది, తల ఎత్తలేదు. "నాకెప్పుడో తెలుసు. ఎనకనుంచి పిలిత్తే పలకడు, ఎదురుగా ఒచ్చి నోరు కదిపితే పలుకుతాడు. ఎన్నాల్లనించో నాను ఎదురుగా ఎల్లే మాటాడతన్నాను. నువ్వు సౌండు గురించి పాటాలు సెబుతావు కదరా, ఆదివారం ఆదివారం వొచ్చి మూడు గంటలు కూసునేవోడివి, నీకు తెలీనేదేటి?" అంది. నేను చెప్పులేసుకుని వెళ్లిపోయాను.

ఆ శనివారమే మిషన్లు వచ్చాయి, చిక్కుడు గింజంత ఉన్నాయి. ఆదివారం నేను గొడుగు అట్ట పట్టుకెళ్లాను. నా మనసులో ఒక సినిమా నడుస్తోంది, ఒప్పుకుంటాను. బావ మిషన్లు పెట్టుకుంటాడు, డ్రమ్మరు వినిపిస్తాడు, ఆయన కళ్లు చెమరుస్తాయి, నేను క్షమాపణ చెబుతాను. పాట పెట్టాను. బావ కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నాడు. ముఖం చిట్లించాడు. రెండు మిషన్లూ పీకి బల్ల మీద పడేశాడు. "ఇది మాటలకి సేసిన మిషను. పియానో పళ్లెం మీద సెంచా కొట్టినట్టుంది. డ్రమ్సోడు ఉన్నాడు, పొట్లంలో మరమరాలు ఆడించినట్టున్నాడు. ఇది గొడుగు కాదు, ఆపీ," అన్నాడు.

ఆపేశాను. నేను దాచుకున్న క్షమాపణ బయటికి తీద్దామనుకుంటుండగా, బావ ముంజెయ్యి చాపి బల్ల మీద పెట్టాడు. "మల్లీ పెట్టు. నువ్విను. ఇనీసి ఆడేం సేత్తన్నాడో నా సేతి మీద కొట్టు," అన్నాడు. పెట్టాను. నా గోళ్లతో ఆయన ముంజేతి మీద కుంచె రాయడం మొదలెట్టాను. ఆ చర్మం నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిన్న చిన్న మచ్చలు. నాలుగు గీతలు కూడా రాయలేదు, చెయ్యి లాక్కున్నాడు. "ఆగాగు. ఆడు పియానో కన్నా ముందున్నాడా, ఎనకున్నాడా?" అన్నాడు. మళ్లీ విన్నాను. తెలీలేదు. "ఊపిరి పీల్చినట్టు రాత్తన్నాడా, ఒదిలినట్టు రాత్తన్నాడా?" తెలీలేదు. "బేసోడు ఆగినప్పుడు ఈడూ ఆగుతున్నాడా, ఈడొక్కడే ఎల్తన్నాడా?" ఈ ఆల్బమ్ కోసం మూడేళ్లు మా బావకి పాట లేకుండా చేశాను, ఆ మూడేళ్లలో దీన్ని వందసార్లు పెట్టుకుని ఉంటాను, అందులో ఒక్క ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదు. గోనె మీద బియ్యం అని ఒక పోలిక మాత్రం దొరికింది, దాన్ని పట్టుకుని ఊరేగాను.

బావకి కోపం వచ్చింది. చెవుల పరీక్షప్పుడు రాని కోపం, నేను ఆటోలో అన్ని మాటలన్నా రాని కోపం అప్పుడొచ్చింది. బల్ల మీద గుద్దితే చెవి మిషన్లు ఎగిరిపడ్డాయి. "ఇనపడే సెవులెట్టుకుని ఇదేటి ఇనడం? నాకు తుప్పు పట్టింది, ఒప్పుకున్నాను. నీకేటయింది? నీకేటి రోగం?" అని అరిచాడు. వంటగదిలోంచి అక్క తొంగి చూసింది. నాకు ఏడుపొచ్చింది, దాన్ని దగ్గుతో కప్పుకున్నాను. బావ కుర్చీ ఎక్కి బీరువా మీది గుడ్డ మూట దింపాడు. మూడేళ్ల దుమ్ము నా మీదే దులిపాడు. గొడుగు అట్ట రాసిన పేజీ తీసి, ఫెయిల్ అన్న మాట కొట్టెయ్యకుండా దాని కింద, "మళ్లీ పరీక్ష చెయ్యాలి," అని రాశాడు. చార్జి ఇచ్చినవారు అన్న చోట సంతకం పెట్టాడు. పుస్తకం నా వైపు తిప్పి, పెన్ను పెట్టి, ఇన్నేళ్లూ ఖాళీగా ఉన్న ఆఖరి గడి మీద వేలు ఆనించాడు. "సంతకం ఎట్టు. మూడు షిఫ్టులూ ఇనీసి రా. మద్దిలో నోరిప్పకు."

పెట్టాను. నాకు షిఫ్టులెక్కడివి, నాది తొమ్మిదింటికి మొదలై అయిదింటికి అయిపోయే ఉద్యోగం. అయినా ఒక వారం మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక విన్నాను, ఒక వారం బయల్దేరే ముందు విన్నాను. ఇప్పుడు మూడో వారం, పొద్దున్నే నాలుగు మైళ్లు నడిచి ఒళ్లు అలవగొట్టుకుని వచ్చి, బట్టలు మార్చకుండా టీ గ్లాసుతో కూర్చుంటున్నాను. డ్రమ్మరు పియానో కన్నా వెంట్రుకవాసి వెనక ఉన్నాడు. బేస్ ఆగినప్పుడు ఆయన ఆగడు. ఊపిరి సంగతి ఇంకా తేలలేదు. ఎల్లుండి ఆదివారం వెళ్లి చెప్పాలి, భయంగా ఉంది. మిల్లులో ఒక పద్ధతుండేదని బావ చెప్పేవాడు: డ్యూటీ గంట కొట్టినా సరే, తర్వాతి మనిషి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టేదాకా ముందు మనిషి తన చోటు వదలకూడదు. కాలానికి గంట కొట్టడం ఒక్కటే తెలుసు, ఎవరు వచ్చారో రాలేదో అది చూడదు. నేను వచ్చేసరికి చాలా ఆలస్యమైంది, మా బావ చెవులు రెండూ పోయేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.